కనిపించాలి, వినిపించకూడదు

పిల్లలతో మాట్లాడేటప్పుడు వాళ్ళు ఇంట్లోవాళ్ళకు కనిపిస్తూ ఉండాలి, వాళ్ళ మాట మాత్రం వినిపించకూడదు. డాక్టరమ్మ మాకు నేర్పిన మొదటి నియమం ఇది. కనిపించకపోతే తల్లిదండ్రులకు భయం, వినిపిస్తే పిల్లలకు భయం. ఎంత చక్కగా చెప్పిందో అనుకున్నాను. పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను.

నేను సూరత్‌కి ఏడేళ్ళ పిల్లగా వచ్చాను. కరీంనగర్ వైపు నుంచి మా బాపు సాంచాల పనికి వచ్చాడు. సాంచాలంటే మరమగ్గాలు, వాటి మీదే మా తిండి, మా బట్ట, నా చదువు. పెద్దయ్యాక కొన్నేళ్ళు తెలుగు బడిలో పాఠాలు చెప్పాను. ఏటికేడు పిల్లలు తగ్గిపోయి, ఒక గదిలో మూడు తరగతులు కూర్చోబెట్టే రోజు వచ్చాక మానేశాను. అప్పుడే ఈ పని దొరికింది. వలస కార్మికుల పిల్లల మనసు మీద ఒక డాక్టర్ల బృందం పరిశోధన చేస్తోంది, ఇళ్ళకు వెళ్ళి పదమూడు నుంచి పదిహేడేళ్ళ పిల్లల్ని తెలుగులో ప్రశ్నలు అడగడానికి ఒక ఆడమనిషి కావాలన్నారు. బృందానికి పెద్ద, నాకన్నా పదేళ్ళు చిన్నదైన ఒక తెలుగు డాక్టరమ్మ. మంచి మనిషి. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. కోపమంతా నా మీదే.

మా ఆయన నాకు కోపం ముక్కు మీద ఉంటుందంటాడు. ఆ పనిలో చేరిన కొన్ని నెలలకు అది కూడా దిగిపోయింది. మిగిలింది ఒట్టి అలసట. నవాగామ్‌లో, ఉన్‌లో, ఇలాంటి సూరత్ బస్తీల్లో, ఎండలో గల్లీ గల్లీ తిరగడం వల్ల కాదు, కాళ్ళనొప్పులు నాకు కొత్తా? పొద్దున ఒకరి ఇంట్లో, మధ్యాహ్నం ఇంకొకరి ఇంట్లో కూర్చుని, మీసాలైనా రాని పిల్లల్ని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగి, వాళ్ళ జవాబుకు గడిలో టిక్ పెట్టి, నీళ్ళు తాగి, ఇంకో ఇంటికి పోవడం. మనిషిని పిండేసేది అదీ.

ఆ ప్రశ్న ఫారంలో పదిహేడోది. "గత రెండు వారాల్లో, చచ్చిపోతే బాగుండునని నీకు అనిపించిందా?" కింద నాలుగు గళ్ళు: ఎప్పుడూ లేదు, ఒకట్రెండు రోజులు, సగం రోజుల కన్నా ఎక్కువ, దాదాపు రోజూ. మా వాళ్ళ ఇళ్ళల్లో గ్యాసు అయిపోయినా, నల్లా రాకపోయినా "థూ, సస్తె పీడవోతది" అంటారు. అందుకని చాలామంది పిల్లలు ఆ ప్రశ్న వినగానే నవ్వేవాళ్ళు. నవ్వితే నాకు ప్రాణం లేచొచ్చేది. ప్రశ్న పెట్టింది నవ్వని పిల్లల కోసం.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ప్రశ్నలు మొదలుపెట్టే ముందు పిల్లలకు ఒక మాట చదివి వినిపించాలి. "నువ్వు చెప్పింది మేం ఎవరికీ చెప్పం. నీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం నీ మేలు కోరి పెద్దవాళ్ళకు చెప్తాం." మొదటి సగం నిదానంగా, నవ్వుతూ చదివేదాన్ని. రెండో సగం గబగబా మింగేసేదాన్ని. నిలబెట్టి చదివితే పిల్లలు బిగుసుకుపోతారు, ఫారం అంతా "ఎప్పుడూ లేదు, ఎప్పుడూ లేదు" అని వస్తుంది. అలా వచ్చిన ఫారాలు ఎవరికి పనికొస్తాయి? అందుకని మింగాను. మోసం అనుకోలేదు, పనితనం అనుకున్నాను.

నవాగామ్‌లో ఆ ఇంటికి వెళ్ళింది ఒక మధ్యాహ్నం. ఆ రోజుకది నాలుగో ఇల్లు. రెండు వరుసల గదులు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో సిమెంటు వాకిలి, నీళ్ళ డ్రమ్ములు, తీగల మీద బట్టలు. ఒక్క గదిలో ముగ్గురు మనుషులు. తండ్రి ఇరవై ఏళ్ళకు పైగా సాంచాల మీద ఉన్నాడు, అప్పుడు రాత్రిపాళి. తల్లి చీరలకు టికీలు, అంటే మెరుపు బిళ్ళలు, అంటించే పని ఇంటికి తెచ్చుకుంటుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు, పదిహేనేళ్ళు, గుజరాతీ మీడియంలో పదో తరగతి. ఆ పిల్లతోనే నా పని.

ముందు పెద్దవాళ్ళ అనుమతి తీసుకోవాలి. తండ్రి అప్పుడే నిద్ర లేచి గడప మీద కూర్చున్నాడు. ఆయనకు చెవులు వినపడవని తల్లి చెప్పింది. సాంచాల కింద అన్నేళ్ళు నిలబడ్డవాళ్ళలో వినపడేదెవరికి? నేను అనుమతి పత్రం పట్టుకుని ఆయన చెవి దగ్గర గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "మీ బిడ్డ చెప్పిందంతా రహస్యంగా ఉంచుతాం" అని నేను అరిచిన అరుపుకు పక్కింటి ముసలమ్మ తలుపు తీసి చూసింది. ఆయన నవ్వాడు.

"అరవకక్కా. జర నా దిక్కు జూసి మెల్లగ జెప్పు, సాలు."

మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. ఆయన వైపు తిరిగి మెల్లగా చదివాను. అంతా విని, అంటే విన్నట్టు తల ఊపి, సంతకం పెట్టాడు.

"ఈడనే అడుగక్కా, నేను బయటికి వోత" అంది తల్లి. "ఆయన చెవులు సాంచాలే తిన్నయి. గుండు పేలినా ఇనవడది."

చెవిటివాని ముందు శంఖం ఊదినా సరే, నియమం నియమమే అన్నాను. గొప్పగా అన్నాను కూడా. పిల్ల రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు తెచ్చి వాకిలి దాటి ఎదురు వరుస గోడ దగ్గర వేసింది. ఇల్లు అక్కడికి పన్నెండు పదమూడు అడుగులు ఉంటుంది. గొంతు పెంచకుండా మాట్లాడితే ఎవరికీ వినపడదు. తల్లిదండ్రులకు పిల్ల ముఖం కనిపించాలి కదా, అందుకని ఆమెను ఇంటివైపు తిప్పి కూర్చోబెట్టాను. ఇంటికి వీపు పెట్టి నేను కూర్చున్నాను. తండ్రి గడప మీదే చాయ్ గ్లాసుతో ఉన్నాడు. అంతా మా డాక్టరమ్మ చెప్పినట్టే ఉందని, "గోప్యత పాటించారా?" అన్న గడిలో ముందే "అవును" అని టిక్ పెట్టేశాను. అది చివర్లో పెట్టాల్సిన టిక్కు. అలవాటైపోయి అందరికీ ముందే పెట్టేదాన్ని.

పదహారు ప్రశ్నలు మామూలుగా నడిచాయి. పిల్ల జవాబులు ఇచ్చే తీరు మాత్రం కొంచెం వింతగా ఉంది. నన్ను చూడదు. నా భుజం మీదుగా ఎటో చూస్తుంది. ప్రతి మాటా విడదీసి, చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెబుతుంది. సిగ్గేమో అనుకున్నాను. తల పగిలిపోతోంది నాకు, ఇంకో ఇల్లు మిగిలి ఉంది, కొంచెం త్వరగా చెబితే బాగుండునని కూడా అనుకున్నాను. నిజం దాచి లాభమేముంది?

పదిహేడోది చదివాను. ఆమె నవ్వలేదు.

"దాదాపు రోజూ" అంది.

ఎందుకని ఫారంలో అడగదు. నేను అడిగాను.

"ఏమో మేడం. ఖాస్ ఏం లేదు. పొద్దున లేస్తె ఛాతి మీద వజన్ వెట్టినట్టు ఉంటది. స్కూల్‌ల నవ్వుత. ఇంటికొచ్చి సాడీలకు టికీలు అంటిస్త. బాపు రాత్రి పోతడు, పొద్దుగాల వస్తడు, పంటడు. నేను ఉన్నా, లేకున్నా, బాపుకు ఎరుకనే ఉండది. ఒక్క దినం గూడ, ఎట్లున్నవ్ బిడ్డా అని అడగలె."

తర్వాతి ప్రశ్న, ఎలా అని ఎప్పుడైనా ఆలోచించావా అన్నది. ఆలోచించానంది. ఏం ఆలోచించిందో చెప్పింది. ఆ వివరం ఇక్కడ రాయను. నాకు ఆ వయసు మేనకోడలు ఉంది.

ఆమె చేతులు పట్టుకున్నాను. ఇంత బరువు ఒక్కదానివే మోశావా తల్లీ, నాకు చెప్పి మంచి పని చేశావన్నాను. డాక్టరమ్మకు చెప్పాలి, ఇంట్లో కూడా చెప్పాలన్నాను.

చేతులు లాక్కుంది. "ఎవ్వరికి చెప్పం అన్నరు గదా!"

"ప్రాణం మీదికొస్తే చెప్తామని కూడా చదివాను బిడ్డా."

"అది నాకు ఇనవడలె."

నిజమే. వినపడేలా చదివితే కదా.

"అమ్మకు మాత్రం చెప్పకుండ్రి మేడం. అమ్మకు చెప్తె గల్లంత తెలుస్తది" అంది, ఏడుపు ఆపుకుంటూ. అమ్మ గురించే అంది. తండ్రి మాట ఎత్తలేదు. అది నేను అప్పుడు పట్టించుకోలేదు.

అక్కడే కూర్చుని డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె సచిన్ అనే ఊరి వైపు ఎక్కడో ఉంది. "బయలుదేరుతున్నాను, గంటకు పైనే పడుతుంది. పిల్లను ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో ఒకరికి ఇప్పుడే చెప్పండి, ఎవరికి చెప్పాలో మీరే చూసుకోండి" అంది. ఎవరికి చెప్పాలి? ఒకరేమో గల్లీ అంతా చాటే మనిషి, ఇంకొకరేమో వినపడని మనిషి. లేచి, ఇంటివైపు తిరిగాను.

తండ్రి గడప మీదే ఉన్నాడు. గ్లాసు నిండా చాయ్ అలాగే ఉంది, మీగడ కట్టింది. నేను దగ్గరికి పోయి నోరు తెరిచేలోగా ఆయన పెదవులు కదిలాయి. గొంతు లేదు, శబ్దం లేదు.

"చూసిన" అన్నాడు.

నాకు అర్థమైంది. ఆ భాష నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? సాంచాల గదిలో పక్కన నిలబడి అరిచినా వినపడదు. అక్కడ మగవాళ్ళు గొంతు వాడరు, పెదవులతో మాట్లాడుకుంటారు. ఈ చివర ఒకడు దారం తెగిందంటే ఆ చివర ఇంకొకడు చూసి తెలుసుకుంటాడు. మా బాపుకు సద్ది తీసుకుపోయి, తలుపు దగ్గర నిలబడి, వాళ్ళ ముచ్చట్లు చూసి చూసి నేనూ నేర్చుకున్నాను. మా ఇంట్లో రహస్యం చెప్పుకోవాలంటే గొంతు తగ్గించేవాళ్ళం కాదు, నోటికి చున్నీ అడ్డం పెట్టుకునేవాళ్ళం. మా అమ్మ బాపును తిట్టాలంటే గోడవైపు తిరిగి తిట్టేది. ఇవన్నీ తెలిసిన నేను, నా దిక్కు చూసి చెప్పమని ఆయన నోటితో ఆయనే చెప్పినా, మర్యాదస్తుడనుకున్నాను! నాలుగు ఫారాలు చేతికొచ్చేసరికి పుట్టింటి విద్య మరిచిపోయాను. ఆ పిల్ల ముఖం ఆయనకు చక్కగా కనిపించేలా నా చేత్తో నేనే తిప్పి కూర్చోబెట్టాను. చెంపలు వాయించుకోవాలనిపించింది.

"మొత్తం చూసిన" అన్నాడాయన మళ్ళీ, అలాగే. కళ్ళు కూతురి మీదే ఉన్నాయి. "నేను చూసిన్నని పోరికి చెప్పకక్కా. సిగ్గువడ్తది. ఇంక నోరు దెర్వది."

తల ఊపాను. ఆ ఇంట్లో నేను ఇచ్చిన మాటల్లో ఇది రెండోది.

డాక్టరమ్మ వచ్చింది. తల్లిదండ్రులిద్దర్నీ లోపల కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. తల్లి ఏడ్చిన ఏడుపుకు, పిల్ల భయపడ్డట్టే, వరుసంతా తలుపులు తెరుచుకున్నాయి. తండ్రి మాత్రం అప్పుడే తెలిసినట్టు కూర్చుని, అన్నిటికీ తల ఊపాడు. పిల్ల నావైపు చూడలేదు. నేను వచ్చేటప్పుడు "పోయొస్త బిడ్డా" అంటే గోడవైపు తిరిగింది. ఆ తర్వాత వారం వారం ఆయనే ఆమెను బండి మీద డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళేవాడని విన్నాను. రాత్రిపాళి దిగి, నిద్ర మానుకుని వచ్చేవాడట. సేటు చుట్టూ తిరిగి తిరిగి చివరికి పగటిపాళి తెచ్చుకున్నాడట.

నేను డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను, పెదవుల సంగతి, ముందే పెట్టిన టిక్కు, మింగేసిన సగం మాట, అన్నీ. తండ్రి దాచమన్న సంగతి కూడా చెప్పాను, ఆమెకు చెప్పకపోతే ఎలా. ఆమె ఫారం తీసుకుని ఆ టిక్కు చూసింది. గోప్యత పోయింది కాబట్టి ఈ ఫారం పరిశోధన లెక్కలోకి రాదంది. అంటే ఆ పిల్ల గుండె చీల్చి చెప్పుకున్నది పక్కన పెట్టేస్తారన్నమాట. తర్వాత మా అందరికీ కొత్త నియమం వచ్చింది: పిల్లల వీపు ఇంటివైపు ఉండాలి. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు. ఆ కుక్కల్లో నేను మొదటిదాన్ని.

నన్ను తొలిచింది వేరే సంగతి. అంతకుముందు వెళ్ళిన ఇళ్ళు గుర్తుకొచ్చేవి. ఎన్ని గడపల మీద ఎంతమంది తండ్రులు, అన్నలు తీరిగ్గా కూర్చుని మావైపు చూస్తూ ఉన్నారు! ఏ పిల్ల మాట ఎవరి కంట్లో పడిందో, ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో. "ఆ పిల్లలకు చెప్పాలి కదా మేడం" అన్నాను డాక్టరమ్మతో. ఆమె పైవాళ్ళ కమిటీని అడిగింది. చెబితే లేనిపోని భయాలు పుడతాయి, వద్దన్నారు. మళ్ళీ ఇళ్ళకు వెళ్ళినప్పుడు మాత్రం జాగ్రత్తగా గమనించమన్నారు. అది న్యాయమో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. తేల్చుకునే ఓపిక కూడా లేదు.

ఆరు నెలలకు రెండో విడత మొదలైంది. అవే ఇళ్ళు, అవే ప్రశ్నలు. ఆ ఇంటికి నేను పోనన్నాను. లెక్కలోకి రాకపోయినా ఆ పిల్ల ఎలా ఉందో అడగడం మన బాధ్యత, పైగా ఆమె మీరే రావాలంటోంది అంది డాక్టరమ్మ. నన్నే ఎందుకు, తిట్టడానికా? తిట్టినా సరే, పడాల్సిందే అనుకుని వెళ్ళాను.

ఆదివారం, తండ్రి ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చూసి లేచి, లోపలికి రమ్మని, మళ్ళీ గడప మీద కూర్చున్నాడు. పిల్ల ముఖం కొంచెం తేటపడింది. స్టూళ్ళు తీసుకుని తనే ముందు నడిచింది. ఈసారి అనుమతి మాట మొత్తం చదివాను. ప్రాణానికి ప్రమాదం ఉంటే చెప్తామన్న సగాన్ని రెండుసార్లు, ఆగి ఆగి చదివాను.

"ఇప్పుడు ఇనవడ్డది" అంది, మూతి విరుస్తూ.

కొత్త నియమం ప్రకారం ఆమె స్టూలును ఇంటికి వీపు వచ్చేట్టు వేశాను. ఆమె లేచి, స్టూలు ఎత్తి, ఇంటివైపు తిప్పి మళ్ళీ కూర్చుంది.

"అట్లా వద్దు బిడ్డా" అన్నాను. "అక్కడి నుంచి..." అని ఆగిపోయాను. ఆయనకు మాట ఇచ్చి ఉన్నాను కదా.

"బాపు చూస్తడు" అంది తను. "నాకెరుకే మేడం. చిన్నప్పటి సంది ఎరుకే."

"మరి అప్పుడు?"

"గిసొంటియి బాపుకు ఎదురుంగ నిలవడి ఎట్ల చెప్పాలె? మీరొచ్చి అడిగిన్రు. చెప్పిన."

నాకు ముందు కోపమే వచ్చింది. ఆరు నెలలు నేను సరిగా నిద్రపోలేదు. పిల్ల రహస్యం పోగొట్టానని, నోరులేని పిల్లకు అన్యాయం చేశానని కుమిలి కుమిలి చచ్చాను. ఆమె నాకు చెప్పనే లేదు! నా భుజం మీదుగా, ఒక్కో మాట విడదీసి, వాళ్ళ బాపుకు చెప్పుకుంది. నేను మధ్యలో స్టూలు వేసుకుని కూర్చున్న మనిషిని, అంతే. తర్వాత ఆ కోపం దిగి ఏడుపొచ్చింది. ఎండ కంట్లో పడ్డట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఫారం తీసి, గోప్యత గడిలో "లేదు" అని టిక్ పెట్టాను. ఈ ఫారం కూడా లెక్కలోకి రాదు. రాకపోతే పోనీ అనుకుని ప్రశ్నలు మొదలుపెట్టాను. పదిహేడోదాని దగ్గర ఆమె నా భుజం మీదుగా చూస్తూ జవాబు చెప్పింది. నేను ఉండబట్టలేక వెనక్కి తిరిగాను. తండ్రి గడప మీద ముందుకు వంగి, కళ్ళు చికిలించి చూస్తున్నాడు. తీగ మీద చీర గాలికి మధ్యలో అడ్డం వచ్చినట్టుంది. నన్ను చూసి పెదవులు కదిపాడు.

"అందలె. జర మల్ల చెప్పుమను."

నేను లేచి వెళ్ళి చీర పక్కకు జరిపి వచ్చాను. "మీ బాపుకు అందలేదట, మళ్ళీ చెప్పు" అన్నాను.

"ఒకట్రెండు రోజులు" అందామె, ఒక్కో మాట విడదీసి. "అంతే బాపు."